బిడ్డ మాట ఎవరి మాట? : సంరక్షణ వివాదాలలో కావ్యన్యాయం, చట్టన్యాయం

విడాకుల తరువాత బిడ్డ ఎవరి వద్ద పెరగాలన్నది కోర్టులో తేలవలసిన ప్రశ్న. అయితే కోర్టు మెట్లెక్కే తల్లిదండ్రులు, వారి వెంట వచ్చే పెద్దలు, ఆ మాటకొస్తే తీర్పు చెప్పే న్యాయమూర్తి కూడా చిన్ననాటి నుంచి విన్న కథలను వెంటబెట్టుకొనే అక్కడికి వస్తారు. బిడ్డ ఎవరికి చెందుతాడు, ఎవరు పెంచాలి, ఎంత వయసు వరకు పెంచాలి అన్న విషయాలలో ఆ కథలు ముందే ఒక తీర్పు ఇచ్చి ఉంటాయి. తెలుగు విమర్శ ఈ కథలను ఎక్కువగా తల్లి వైపు నుంచి చదివింది. శకుంతల ధిక్కారాన్నీ సీత ఆత్మాభిమానాన్నీ గుర్తించడంలో ఆ చదువు సాధించినది తక్కువేమీ కాదు. తల్లికీ తండ్రికీ నడుమ నిలబడిన మూడో మనిషి, అంటే బిడ్డ, ఆ సన్నివేశాలలో ఏమంటాడు అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వేసుకోలేదు. బిడ్డ మాట్లాడిన సందర్భాలు మన కావ్యాలలో ఉన్నాయి. ఆ మాట ఎవరికి ఉపకరించిందో చూడవలసి ఉంది.

ముందుగా భాష సంగతి. బిడ్డ విషయంలో తెలుగు పత్రికలు వాడే మాట 'కస్టడీ'. నిందితుడు పోలీసుల చేతిలో ఉన్నా అదే మాట, ఆరేళ్ల పిల్ల తల్లి దగ్గర ఉన్నా అదే మాట. గ్రాంథిక ఛాయ కోరేవారు 'సంరక్షణ' అంటారు. అందులో ఆదరం ఉంది గానీ హక్కు ఎవరిదో తెలియదు. వార్తల్లో తీర్పు సారాంశం చెప్పే క్రియ మరీ ఆసక్తికరం: బిడ్డను తల్లికి 'అప్పగించారు'. పెళ్లిలో ఆడపిల్లను అత్తవారికి 'అప్పగించే' తంతుకూ, దొరికిన సొమ్మును సొంతదారుకు చేర్చడానికీ ఇదే క్రియ. అప్పగించబడే వస్తువుకు అభిప్రాయం ఉంటుందని ఈ క్రియ ఊహించదు. మరోవైపు తెలుగులో 'కన్నవారు', 'పెంచినవారు' అన్న విభజన చాలా స్పష్టంగా ఉంది. కనడం, పెంచడం, చెందడం అన్న మూడూ వేరువేరు పనులని భాషకు తెలుసు. కథలు ఈ మూడింటినీ ఎలా పంచాయన్నదే అసలు విషయం.

గంగ తీసుకుపోయిన బిడ్డ

విడాకులు అన్న వ్యవస్థ భారత కథలో లేదు. షరతు మీద జరిగిన వివాహం, షరతు తప్పగానే వీగిపోయిన దాంపత్యం మాత్రం ఆదిపర్వంలోనే కనిపిస్తాయి. తన పనికి అడ్డు చెప్పరాదన్న ఒప్పందంపై గంగ శంతనుని వరించింది. పుట్టిన ఏడుగురినీ నీటిపాలు చేసింది. ఎనిమిదో బిడ్డ విషయంలో రాజు అడ్డుపడగానే ఒప్పందం ముగిసింది. ఆమె బిడ్డతో సహా వెళ్లిపోయింది. కాపాడాలని నోరు విప్పినవాడు తండ్రి, తీసుకువెళ్లినది తల్లి. ఇప్పటి కోర్టులో ఈ వాస్తవాలు పెడితే తీర్పు ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. కథ మాత్రం ఆమెను నిలదీయదు. బిడ్డ పెరిగి, వేదమూ విలువిద్యా నేర్చి, బాణాలతో నదీప్రవాహాన్ని ఆపగలిగిన నాడు ఆమే వచ్చి తండ్రికి ఒప్పజెప్పి అదృశ్యమవుతుంది. పెంపకం పూర్తయింది, చెందవలసిన చోటికి చేరాడు అన్న భావన ఇక్కడ సహజధర్మంలా నడిచిపోతుంది. ఆ యువకుడికి తల్లిని మళ్లీ చూడాలని ఉందా అని ఎవరూ అడగరు.

అసలు చిక్కు ఆ తరువాతిది. తండ్రి మరొక స్త్రీని కోరుకుంటాడు. ఆమె తండ్రి దాశరాజు తన కూతురి బిడ్డకే రాజ్యం దక్కాలని పట్టుబడతాడు. తండ్రి పునర్వివాహం, మొదటి భార్య బిడ్డ హక్కులు, సవతి సంతానం వారసత్వం అనే మూడు సమస్యలూ నేటి ఫ్యామిలీ కోర్టు దస్త్రంలో ఉన్నట్టే ఇక్కడ ఒకేసారి ఎదురవుతాయి. వీటిని పరిష్కరించినది ఎవరు? శంతనుడు కాదు, దిగులు పడటం తప్ప అతడు చేసినది లేదు. దేవవ్రతుడే కారణం కనుక్కొని, దాశరాజు వద్దకు వెళ్లి, రాజ్యం వద్దన్నాడు. నీ సంతానం అడగవచ్చు గదా అంటే సంతానమే వద్దన్నాడు. తల్లిదండ్రులు విడిపోయిన కథలో బిడ్డ తన ఇష్టంగా, తన నోటితో పలికిన గొప్ప వాక్యం ఈ ప్రతిజ్ఞ. దీన్ని త్యాగానికి పరాకాష్ఠగా చదవడం మనకు అలవాటు. సంరక్షణ కోణంలో చదివితే మరొకటి కనిపిస్తుంది. పెద్దలు తేల్చుకోలేని సమస్యను బిడ్డ తన భవిష్యత్తుతో కొనివేశాడు. తండ్రి ఆ త్యాగాన్ని స్వీకరించి స్వచ్ఛంద మరణం వరంగా ఇచ్చాడు. ఎప్పుడు చావాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ వచ్చింది గానీ ఎలా బతకాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ అప్పటికే పోయింది. ఇంట్లో గొడవ తగ్గుతుందంటే ఎక్కడ ఉండమన్నా ఉంటానని చెప్పే పిల్లలను చూసినవారికి ఈ ఘట్టం పౌరాణికంగా అనిపించదు.

తల్లి సాక్షి, బిడ్డ ప్రశ్నకుడు

శకుంతలోపాఖ్యానంలో బిడ్డ సభలో ఉన్నాడు, మాట లేదు. కాళిదాసు శాపాన్నీ ఉంగరాన్నీ తెచ్చి దుష్యంతుణ్ణి మరపు కింద దాచాడు. భారతంలోనూ, దాన్ని తెనిగించిన నన్నయలోనూ ఆ సౌకర్యం లేదు. రాజుకు అంతా తెలుసు, తెలిసే ఎరుగనంటాడు. అందువల్ల నన్నయ శకుంతల వాదనకు అంత బలం. ఆమె సత్యాన్ని గురించి చెప్పిన మాటలు తరతరాలుగా కంఠస్థమయ్యాయి. ఆమె వాదనలో ఎక్కువ భాగం కుమారుడి విలువ మీద, అంటే తండ్రికి అతడివల్ల కలిగే ప్రయోజనం మీద నడుస్తుందన్నది గమనించవలసిన విషయం. బిడ్డకు తండ్రి ఎందుకు కావాలన్నది అందులో పలచన. ప్రతివాది ఎలాంటి లాభాన్ని గుర్తిస్తాడో ఆ లాభాన్నే చూపడం వాదించే నేర్పు. ఆ నేర్పు లేకపోతే ఆ సభలో ఆమె మాట నిలవదని ఆమెకు తెలుసు.

ఆమె వాదించి గెలవలేదు. ఆకాశవాణి పలికాకనే రాజు ఒప్పుకున్నాడు. సంస్కృత మూలంలో ఆ వాణి తల్లిని తోలుతిత్తితో పోల్చి, పుత్రుడు జనకునివాడేనని తేల్చి, వెంటనే శకుంతలను అవమానించవద్దనీ బిడ్డను భరించమనీ ఆజ్ఞాపిస్తుంది. ఆ ఆజ్ఞలోని క్రియాపదం నుంచే భరతుడన్న పేరు వచ్చిందని భారతమే చెబుతుంది. మనోవర్తిని నేటికీ మనం 'భరణం' అంటున్నాం. ఆ ధాతువు ఇదే. ఒక దేశానికి పేరిచ్చాడని చెప్పుకొనే చక్రవర్తి పేరు మొదట పోషణకు ఇచ్చిన ఉత్తర్వు. కాళిదాసు నాటకంలోని రక్షరేకు ఈ ఆకాశవాణి కంటే న్యాయమైనదని చెప్పాలి. బిడ్డ చేతి నుంచి జారిన ఆ రేకును తల్లి, తండ్రి, బిడ్డ తప్ప మరెవరు తాకినా పాము అవుతుంది. దానికి తిత్తి, విత్తు అన్న భేదం లేదు. ఇద్దరినీ ఒకేలా గుర్తిస్తుంది.

తార కథలో తీరు మరోలా ఉంటుంది. బృహస్పతి భార్య తార చంద్రునితో వెళ్లిపోయింది, యుద్ధం వచ్చింది, తిరిగి వచ్చేనాటికి ఆమె గర్భవతి. పుట్టిన బిడ్డ బంగారు కాంతితో వెలిగిపోతుంటే ఇద్దరూ నాకే చెందాలన్నారు. వారిద్దరి పోటీ బిడ్డ అందం చూశాక మొదలైందన్న వివరం భాగవత నవమస్కంధంలోని చేదైన హాస్యం. తార లజ్జతో మాట్లాడదు. అప్పుడు బిడ్డ నోరు విప్పుతాడు. మూలంలో అతడు కోపంతో తల్లిని నిందించి, చేసిన తప్పు దాచక చెప్పమని నిలదీస్తాడు. చివరకు బ్రహ్మ ఆమెను ఏకాంతంలో అడిగి, చంద్రుడని తెలుసుకొని, బిడ్డను అతనికి ఇప్పిస్తాడు. ఇక్కడ తల్లి ఎవరు? కక్షిదారు కాదు, సాక్షి. ఆమె మాట లేకుండా తీర్పు రాదు. ఆమె మాట వచ్చాక తీర్పులో ఆమెకు చోటు లేదు. తెలుగులో ఈ కథను శృంగారప్రబంధంగా పెంచిన శేషము వేంకటపతి శశాంకవిజయానికి నీతి, అవినీతి చర్చ చాలా జరిగింది. బిడ్డ పంపకం ఆ చర్చలో ఎప్పుడూ అంచునే ఉండిపోయింది.

లవకుశుల మాట పాటగా వచ్చింది. తల్లి దగ్గర, ఆశ్రమంలో పెరిగిన కవలలు తండ్రి యాగశాలలో తండ్రి కథనే గానం చేస్తారు. ఆ కథ వారు కట్టినది కాదు, గురువు నేర్పినది. కంకంటి పాపరాజు ఉత్తరరామాయణం చదవనివారికి కూడా 1963 నాటి 'లవకుశ' చలనచిత్రం వల్ల ఈ ఘట్టం కళ్లకు కట్టి ఉంటుంది. గానం వల్ల తండ్రికి బిడ్డలు దక్కారు. తల్లికి శపథం మిగిలింది, భూమి మిగిలింది. తల్లి వెళ్లిపోయాక ఆ పిల్లల దుఃఖం ఎంతకాలం నిలిచిందన్నది కావ్యం పట్టించుకొనే విషయం కాదు. వారికి పట్టాభిషేకం ఉంది.

దేవవ్రతుడు, బుధుడు, లవకుశులు ముగ్గురి కథల్లోనూ బిడ్డకు నోరుంది. ఒకరు తండ్రి కోసం వదులుకోవడానికి మాట్లాడారు, ఒకరు తండ్రిని తెలుసుకోవడానికి తల్లిని తిట్టారు, ఒకరు తండ్రి కథ పాడారు. వంశం తెగిన చోట ముడి వేయడానికి పనికివచ్చినప్పుడే బిడ్డ గొంతు వినబడింది. దీనిని ఆ కవుల లోపమనడం చరిత్ర తెలియకపోవడమే అవుతుంది. రాజ్యం వారసుడి మీద ఆధారపడిన లోకంలో బిడ్డ మొదట వారసుడు, తరువాతే బిడ్డ. రాజ్యాలు పోయాక కూడా ఈ నిర్మాణం ఎక్కడ మిగిలిందో చూడాలి.

చట్టంలో మిగిలిన కథ

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రి, 'తరువాత' తల్లి. ఐదేళ్లు నిండని బిడ్డ మాత్రం సాధారణంగా తల్లి వద్ద ఉండాలి. పెంపకం ఆమెకు, చెందడం అతనికి అన్న పాత విభజన ఆధునిక శాసనభాషలో ఇలా కుదురుకుంది. కణ్వాశ్రమంలో సింహాలతో ఆడుకొన్న బాలునికి మూలభారతం ఆరేళ్లు చెప్పడం యాదృచ్ఛికమే. తల్లి ఒడికి ఒక గడువు ఉంటుందన్న ఊహ మాత్రం యాదృచ్ఛికం కాదు. హనఫీ ముస్లిం న్యాయసంప్రదాయంలో కూడా 'హిజానత్' పేరిట కొడుకు ఏడేళ్ల వరకు, కూతురు యుక్తవయసు వరకు తల్లి పెంపకంలో ఉంటారు; సంరక్షకత్వం తండ్రిది. మతాలు వేరైనా గడువు అన్న ఆలోచన ఒకటే.

ఈ విభజనను ప్రశ్నించిన ప్రసిద్ధ వ్యాజ్యం ఒక రచయిత్రి పేరు మీద ఉండటం సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం. కొడుకు పేరిట బాండ్లకు పెట్టిన దరఖాస్తుపై తల్లి సంతకం చాలదని రిజర్వ్ బ్యాంకు అనడంతో ఆంగ్ల నవలాకారిణి గీతా హరిహరన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. దానితో కలిపి విన్న వందనా శివ అర్జీ నేరుగా విడాకుల వివాదంలోంచి వచ్చింది. 1999లో న్యాయస్థానం సెక్షన్‌ను కొట్టివేయలేదు. 'తరువాత' అన్న మాటకు 'తండ్రి మరణించిన తరువాత' అన్న అర్థమొక్కటే కాక, 'తండ్రి లేని పరిస్థితిలో' అన్న అర్థం కూడా ఉందని, బిడ్డ విషయం అతడు పట్టించుకోనప్పుడు కూడా అది వర్తిస్తుందని చెప్పింది. ఒక అవ్యయానికి చేసిన వ్యాఖ్యానం తల్లులకు సంతకం హక్కు తెచ్చింది. వ్యాకరణం పనికిరాని విద్య అనేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో తల్లిదండ్రులిద్దరికీ సమాన సంరక్షకత్వం, తగిన చోట ఉమ్మడి సంరక్షణ సిఫార్సు చేసింది. చట్టపాఠంలోని 'తరువాత' అలాగే ఉంది.

బిడ్డ మాట సంగతికి వస్తే చట్టం కావ్యం కంటే ముందుంది, అదీ చాలాకాలం నుంచి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ బిడ్డ క్షేమాన్ని ప్రమాణంగా పెట్టింది. ఆలోచించి ఇష్టం చెప్పగల వయసు బిడ్డకు ఉంటే ఆ ఇష్టాన్ని పరిగణించవచ్చునంది. 1955 హిందూ వివాహచట్టం 26వ సెక్షన్ వీలైనంతవరకు పిల్లల కోరికకు అనుగుణంగా ఉత్తర్వులివ్వమంటుంది. పిల్లలు తల్లిదండ్రులకు ఆస్తులూ కారు, ఆటబొమ్మలూ కారని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. తల్లి ఒడికి ఐదేళ్లని అంకె వేసిన శాసనం బిడ్డ మాటకు మాత్రం ఏ అంకే వేయలేదు. ఆ మాటకు ఎంత బరువు ఇవ్వాలన్నది న్యాయమూర్తి వివేకానికి వదిలింది.

అక్కడే లవకుశుల గానం మళ్లీ గుర్తుకు వస్తుంది. న్యాయమూర్తి బిడ్డను తన గదిలోకి పిలిచి, తల్లిదండ్రులు లేకుండా మాట్లాడే పద్ధతి ఉంది. తార విషయంలో బ్రహ్మ పాటించిన ఏకాంతమే ఇది; అడిగేది ఇప్పుడు బిడ్డను. ఆ గదిలో బిడ్డ చెప్పినది అతని మాటా, ఇంట్లో నేర్పిన మాటా అన్నది నిత్యం ఎదురయ్యే సందేహం. నేర్పినదని తోచగానే ఆ మాటను పక్కన పెట్టడం సులువైన మార్గం. సాహిత్యం తెలిసినవారికి ఇది తృప్తినివ్వదు. లవకుశుల ప్రతి పదమూ నేర్పినదే. అయినా ఆ గానంలో వారి గొంతు లేదని చెప్పగలమా? ఎవరు నేర్పారు, ఎందుకు నేర్పారు, నేర్పిన పాఠంలో ఎక్కడ గొంతు జీరబోయింది అని వినడం పాఠకుడు నిత్యం చేసే పని. ఏడేళ్ల పిల్ల తన వయసుకు మించిన పెద్దమాట పలికినప్పుడు ఆ మాట అబద్ధమని తేల్చడం కంటే, ఆ పెద్దమాట ఏ ఇంటి నుంచి వచ్చిందో, దాని పక్కన ఆ పిల్ల సొంతంగా చేర్చిన చిన్న మాట ఏమిటో వినడం ఎక్కువ ఉపయోగం.

ఆధునిక కథనం ఎక్కడ ఆగింది

జనరంజక కథనం ఈ ప్రశ్నను ఒకసారి గట్టిగా పట్టుకొని, సులువుగా వదిలేసింది. ఎరిక్ కెస్ట్నర్ 1949లో రాసిన జర్మన్ బాలల నవల హాలీవుడ్ మీదుగా, తమిళం మీదుగా 1966లో 'లేతమనసులు'గా తెలుగుకు వచ్చింది. విడిపోయిన దంపతులు కవల ఆడపిల్లలను చెరొకరిని పంచుకుంటారు. పంపకం ఇంత నగ్నంగా కనిపించే ఏర్పాటు మన కథల్లో అరుదు; ఇద్దరు పిల్లలు కావడంతో లెక్క సరిపోయింది, అక్కాచెల్లెళ్ల బంధం మాత్రం లెక్కలోకి రాలేదు. పిల్లలు తమ స్థానాలు మార్చుకొని పెద్దల ఏర్పాటును లోపలినుంచి కూల్చడం గొప్ప ఊహ. ఆ తెలివంతా చివరకు దంపతులను కలపడానికే ఖర్చయింది. ఇక్కడ బిడ్డ తండ్రివంశం కోసం మాట్లాడలేదన్నది నిజమైన మార్పు. కలిసిపోని తల్లిదండ్రుల నడుమ రెండిళ్లలో పెరగవలసి వస్తే ఆ పిల్లలు ఏమంటారన్నది మాత్రం ఆ సినిమా అడగదు. విడాకులను తాత్కాలిక అపార్థంగా చూసే కథకు ఆ అవసరమే రాదు.

ఓల్గా 'విముక్త' సంపుటిలోని 'సమాగమం' మరో దిశలో చాలా దూరం వెళ్లింది. సీత అక్కడ పిల్లలను పెంచడం తన జీవితానికి ఏకైక అర్థంగా మిగుల్చుకోదు. వారు నగరానికి వెళ్లిన తరువాత కూడా తనకొక జీవితం ఉందని శూర్పణఖ స్నేహంలో తెలుసుకుంటుంది. భూమిలోకి వెళ్లడాన్ని శిక్షగా కాక ఎంపికగా మార్చిన ఈ పునఃకథనం తల్లికి సంబంధించినంతవరకు పాత ముడిని విప్పింది. పిల్లలు తండ్రికి చేరడం అన్న ఏర్పాటు మాత్రం అందులో కూడా జరగబోయే సంగతిగానే ఉంటుంది. తల్లి విముక్తి కథలో అది లోపం కాదు. కథకు కేంద్రం సీత. లవకుశుల వైపు నుంచి, తల్లిని వదిలి రాజభవనంలో మొదటి రాత్రి గడిపిన ఇద్దరు పిల్లల వైపు నుంచి రాయవలసిన కథకు తెలుగులో చోటు ఇంకా ఉందని మాత్రం అది గుర్తు చేస్తుంది.

ఈ లోటు పుస్తకాలకే పరిమితం కాదని చెప్పడానికి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక వ్యాజ్యం చాలు. అందులో విడాకులు లేవు. భర్త మరణించాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. తాతా నాయనమ్మా సంరక్షకత్వం కోరారు. బిడ్డ తల్లి వద్దే ఉండగా, అతనికి కన్నతండ్రి ఇంటిపేరు తిరిగి పెట్టాలనీ, రికార్డుల్లో రెండో భర్త పేరు రాయవలసి వస్తే 'సవతి తండ్రి' అని చూపాలనీ హైకోర్టు ఆదేశించింది. తెలుగులో ఇంటిపేరు అంటే ఇల్లే పేరు. పెరుగుతున్న ఇల్లు ఒకటి, పేరులోని ఇల్లు మరొకటి. బడి రిజిస్టరులో హాజరు పిలిచిన ప్రతిసారీ ఆ తేడా వినబడుతుంది. బుధుణ్ణి చంద్రునికి ఇప్పించిన తర్కమే ఈ ఆదేశంలో ఉంది, బిడ్డను కదపకుండా పేరును కదిపింది. 2022 జూలైలో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసింది. తండ్రి లేని బిడ్డకు తల్లే సహజ సంరక్షకురాలని, ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదని చెప్పింది. 'సవతి తండ్రి' అని రాయించడం బిడ్డ మనసుపై పడే ప్రభావాన్ని ఆలోచించని క్రూరత్వం వంటిదంది. ఇంటిపేరును వంశం, చరిత్ర కోణంలోనే చూడరాదని, తాను ఉన్న పరిసరాలలో తానెవరో బిడ్డకు తెలియజేసేది కూడా అదేనని వివరించింది. కావ్యసభలో పేరు ఆకాశం నుంచి దిగింది. ఈ తీర్పులో అది బిడ్డ అన్నం తింటున్న ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది.